948 సీసీ ఏ-సిరీస్ ఇంజన్‌ను అమెరికాలోని బోనెవిల్ ఉప్పు మైదానంలో వేగపు పరుగుకు సిద్ధం చేయాలంటే ఏమేం మార్చాలి?

ఉప్పుబాట:

కారు ఆస్టిన్-హీలీ స్ప్రైట్. ఇంజన్ బీఎంసీ ఏ-సిరీస్ 948 సీసీ, సర్క్యూట్ రేసులకు కట్టినది. బోర్ (సిలిండర్ వ్యాసం) 60 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) పెంచారు. కంప్రెషన్ 10:1, ఫ్లాట్‌టాప్ పిస్టన్లు, 300 డిగ్రీల కామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్). ఒకే వెబర్ 45 డీసీఓఈ కార్బురేటర్: చోక్ (గాలి గొంతు) 36, మెయిన్ జెట్ (పెట్రోల్ వదిలే రంధ్రం) 145. ఎగ్జాస్ట్ లాంగ్ సెంటర్ బ్రాంచ్. సముద్రమట్టం దగ్గరి డైనో (ఇంజన్ పవర్ కొలిచే యంత్రం) మీద 6,900 ఆర్‌పీఎం వద్ద 82 హార్స్‌పవర్ వచ్చింది. డిఫ్ (వెనక ఇరుసు గేరు నిష్పత్తి) 4.22, వెనక టైరు వ్యాసం 560 మి.మీ.

లక్ష్యం గంటకు 180 కి.మీ., పెట్రోల్ తరగతిలో, టర్బో గానీ సూపర్‌చార్జర్ గానీ లేకుండా. డైనోలో సరిచూసిన జెట్లు అక్కడ పనికొస్తాయా? డిఫ్ మార్చాలా? సర్క్యూట్ ఇంజన్ అంతసేపు ఫుల్ త్రాటిల్ తట్టుకుంటుందా?

ఐదుపోర్టులు:

జెట్లు అలాగే ఉంచితే ఇంజన్ రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువై) నడుస్తుంది. బోనెవిల్ ఎత్తు సుమారు 1,280 మీటర్లు, అక్కడి గాలి పీడనం 87 కిలోపాస్కల్ దగ్గర. ఎండ 35 డిగ్రీలుంటే గాలి సాంద్రత ఘనమీటరుకు 0.98 కిలోలు. ప్రామాణికం 1.225, అంటే అక్కడ దొరికేది 80 శాతం. మీ 82 హార్స్‌పవర్ అక్కడ 66 అవుతుంది. ట్రాన్స్‌మిషన్ నష్టం 15 శాతం తీసేస్తే చక్రాల దగ్గర 56.

గాలి పలచబడినంతగా కార్బురేటర్ పెట్రోల్ తగ్గించదు. సాంద్రత నిష్పత్తికి వర్గమూలం మేరకు మిశ్రమం రిచ్ అవుతుంది. ఇక్కడ ఆ తేడా సుమారు 12 శాతం. జెట్ రంధ్రం వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి వ్యాసంలో తగ్గించాల్సింది అయిదున్నర శాతం. 145కి లెక్క 137 వస్తుంది. మొదటి రన్‌కు 140 వేయండి, 135 జత కూడా వెంట ఉండాలి. లెక్క 137 అంది కదా అని మొదటి రోజే 135 బిగించొద్దు. కొంచెం రిచ్ అయితే రెండు మూడు హార్స్‌పవర్ పోతాయి, లీన్ (పెట్రోల్ తక్కువ) అయితే పిస్టనే పోతుంది. పొద్దున్న 15 డిగ్రీల చల్లగాలికీ మధ్యాహ్నం ఎండకీ మధ్య సాంద్రత 6, 7 శాతం మారుతుంది. అందుకే ప్రతి రన్ ముందూ ఉష్ణోగ్రత, పీడనం రాసిపెట్టుకోవాలి. ఉదయం కుదిరిన జెట్ మధ్యాహ్నానికి కాస్త రిచ్ అవుతుంది, ఆ తప్పు మంచివైపే. మధ్యాహ్నం లీన్‌గా సరిచేసిన జెట్‌తో మర్నాడు ఉదయం పరిగెత్తడమే ప్రమాదం.

చాలామంది వదిలేసేది ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) వెంట్. ముందు నుంచి గాలి పట్టే ఎయిర్‌బాక్స్ కడితే 180 కి.మీ. దగ్గర లోపల 1.2 కిలోపాస్కల్ దాకా అదనపు పీడనం వస్తుంది. డీసీఓఈకి వెంట్ ట్రంపెట్ల (గాలి పీల్చే గొట్టాల) వైపే ఉంటుంది కాబట్టి బాక్స్ కార్బురేటర్ ముఖాన్ని మొత్తం కప్పేలా చూస్తే చాలు. ఎస్‌యూ కార్బురేటర్లు వాడేవాళ్లు ఫ్లోట్ చాంబర్ వెంట్ పైపును బాక్స్‌లోకే కలపాలి. అది బానెట్ కింద మామూలు పీడనంలో ఉండిపోతే, వేగం పెరిగే కొద్దీ మిశ్రమం లీన్ అవుతూ పోతుంది. డైనోలో ఇది ఎప్పటికీ కనబడదు, అక్కడ ఎదురుగాలి ఉండదు గదా.

ఏ-సిరీస్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్క. కార్బురేటర్ కింద అల్యూమినియం హీట్ షీల్డ్ లేకపోతే స్టార్ట్ లైను దగ్గర వరసలో నిలబడ్డంతసేపూ ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మరుగుతుంది.

టాప్‌గేర్:

జెట్ల కన్నా ముందు తేల్చుకోవాల్సింది డిఫ్, కామ్. ఇవి రెండూ కలిపి చూడాలి.

గాలి పలచనైతే పవర్ తగ్గినట్టే ఎదురుగాలి నిరోధం కూడా అదే 20 శాతం తగ్గుతుంది. ఆ రెండూ చెల్లుకుచెల్లు. తగ్గనిది ఉప్పు లాగే నిరోధం. స్ప్రైట్‌కు సీడీ (గాలి నిరోధ గుణకం) 0.45, ముందు వైశాల్యం 1.2 చ.మీ., బరువు డ్రైవర్‌తో 750 కిలోలు, ఉప్పు మీద రోలింగ్ నిరోధం బరువులో 3 శాతం అనుకుందాం. 180 కి.మీ. దగ్గర గాలికి 33 కిలోవాట్లు, ఉప్పుకు 11. మొత్తం 44, అంటే చక్రాల దగ్గర 59 హార్స్‌పవర్ కావాలి. మీకున్నది 56. దాంతో 176 దగ్గర ఆగుతారు. లోటు చిన్నదే. గ్రిల్ మూయడం, మీ తరగతి ఒప్పుకుంటే విండ్‌స్క్రీన్ తీసి కాక్‌పిట్ మీద టోనో కప్పడం, వీటితోనే ఆ మూడు హార్స్‌పవర్ దొరుకుతాయి. ఇంజన్‌లో మూడు హార్స్‌పవర్ వెతకడం కన్నా ఇది చవక.

ఇక గేరింగ్. ఉప్పు మీద చక్రం జారుతుంది, 8 శాతం లెక్కలో పెట్టుకోండి. 180 వెళ్లాలంటే చక్రం 195 కి.మీ. వేగంతో తిరగాలి. టైరు చుట్టుకొలత 1.76 మీటర్లు, టాప్ గేరు నేరుగా 1:1. అప్పుడు 4.22 డిఫ్‌తో ఇంజన్ 7,780, 3.9తో 7,190, 3.7తో 6,820 ఆర్‌పీఎం తిరుగుతుంది. మీ పీక్ 6,900. కాబట్టి 4.22 అక్కర్లేదు, అది పవర్ పడిపోయే చోటికి తీసుకెళ్లి ఇంజన్‌ను ఊరికే హింసిస్తుంది. 3.9 వేయండి. 3.7 కాగితం మీద ముచ్చటగా ఉంటుంది గానీ ఉప్పు కాస్త మెత్తగా ఉన్న రోజున టాప్ గేరు లాగదు.

ఇక్కడే కామ్ సంగతి వస్తుంది. నాలుగు గేర్ల బాక్సులో మూడో గేరు 1.36 దగ్గర. మూడులో 7,200 దాకా లాగి టాప్‌కు మారితే ఇంజన్ 5,300కి పడుతుంది. సర్క్యూట్ మీద అయితే అక్కడినుంచి లేచిపోతుంది. ఉప్పు మీద ఆ వేగానికి మిగులు పవర్ దాదాపు ఉండదు. 5,500 దాటితే గానీ పట్టు దొరకని కామ్ అయితే కారు అక్కడే వేలాడుతుంది. మూడుకు దిగాలి, మళ్లీ అదే తంతు. డైనో షీట్‌లో 82 అన్న అంకె మానేసి 5,300 దగ్గర ఎంతుందో చూడండి. సముద్రమట్టం దగ్గర 65 కన్నా తక్కువ ఉంటే 300 డిగ్రీల కామ్ తీసి 280 పరిధిలోది వేయడం మేలు, పీక్ కొంచెం తగ్గినా సరే.

మూడుబేరింగులు:

కామ్ మీద నాది వేరే మాట. ముందు కామ్‌ను 2 నుంచి 4 డిగ్రీలు అడ్వాన్స్ చేసి చూడండి, కింది పట్టు అక్కడే కొంత దొరుకుతుంది. వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఖాళీ మళ్లీ కొలవాలి. ఇన్‌లెట్‌కు 1.5 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 2 మి.మీ. ఉంటే భయం లేదు. ఆ తర్వాతే కామ్ కొనే ఆలోచన.

తట్టుకుంటుందా అన్నారు. 1959లో ఈఎక్స్219 అనే స్ట్రీమ్‌లైనర్ ఇదే బోనెవిల్‌లో సూపర్‌చార్జర్ బిగించిన 948తో 12 గంటల పాటు గంటకు 138 మైళ్లకు పైగా సగటు వేగం నిలబెట్టింది. బ్లాక్ మంచిదే. చంపేది వేడి.

సర్క్యూట్ ఇంజన్‌కు ప్రతి మలుపులో ఊపిరి దొరుకుతుంది. ఇక్కడ నిమిషంన్నర, రెండు నిమిషాలు పెడల్ నేలకు ఆనే ఉంటుంది, పిస్టన్ పైభాగం వేడెక్కుతూనే పోతుంది. పై రింగు గ్యాప్ సర్క్యూట్‌కు 0.25 మి.మీ. సరిపోతే ఇక్కడ 0.30 ఉంచండి. గ్యాప్ చాలక రింగు చివరలు ఆనుకున్నాయంటే బోర్ గీసుకుపోతుంది, రింగు ల్యాండ్ విరుగుతుంది. ఎక్కువైన గ్యాప్‌తో పోయేది కాస్త బ్లో-బై (రింగుల పక్కనుంచి కారే వాయువు) మాత్రమే. రాకర్ కవర్ నుంచి లావాటి బ్రీదర్ తీసి క్యాచ్ ట్యాంకులో పెట్టండి.

కింది భాగంలో క్రాంక్‌కు ముందు క్రాక్ టెస్ట్. 76.2 మి.మీ. స్ట్రోక్‌తో 7,200 దగ్గర సగటు పిస్టన్ వేగం సెకనుకు 18.3 మీటర్లు. ఇది భయపడాల్సిన అంకె కాదు. భయం మధ్య మెయిన్ క్యాప్ (క్రాంక్ నడిమి బేరింగు మూత) గురించి. మూడే బేరింగులు, క్రాంక్ నడుము దగ్గర ఊగుతుంది. దాని మీద స్టీలు స్ట్రాప్ వేయించండి. 948 రాడ్లలో గడ్జన్ పిన్నును (పిస్టన్‌ను రాడ్‌కు కలిపేది) చిన్న చివర బోల్టు పట్టి ఉంచుతుంది, ఆ బోల్టులు పాతవి మళ్లీ వాడొద్దు. మెయిన్లకూ రాడ్లకూ క్లియరెన్స్ 0.045 నుంచి 0.05 మి.మీ.

కంప్రెషన్ 11:1కి పెంచొచ్చు. పలచ గాలిలో సిలిండర్ నిండేదే తక్కువ కాబట్టి నాకింగ్‌కు (మిశ్రమం తనంతట తానే పేలడానికి) కాస్త వెసులుబాటు ఉంటుంది. 60 థౌ బోర్‌తో మీది 995 సీసీ, ఒక్కో సిలిండర్ 248.7. 11:1కి పైన మిగలాల్సింది 24.9 సీసీ. గ్యాస్కెట్ సుమారు 2.8, పిస్టన్ 0.25 మి.మీ. కిందుంటే ఇంకో 0.8 తీసేయండి. చాంబర్‌కు 21.3 మిగులుతుంది. నాలుగు చాంబర్లూ బ్యూరెట్‌తో కొలిచి 0.2 సీసీ తేడాలోకి తేవాలి. ఇంకో సంగతి, 1,000 సీసీ తరగతి గీతకు మీరు 5 సీసీ దూరంలో ఉన్నారు. ఇక బోర్ ముట్టుకోవద్దు. హెడ్ అడుగు అంత స్కిమ్ చేస్తే (చెక్కితే) పలచబడుతుందనుకుంటే పిస్టన్ పైభాగం ఎత్తున్నవి తీసుకోండి. స్కిమ్ చేశాక రాకర్ పెడెస్టల్స్ కింద షిమ్ వేసి జామెట్రీ సరిచేయాలి. హెడ్ నట్లు 54 న్యూటన్ మీటర్లు, ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాలి.

గ్రిల్ మూస్తే రేడియేటర్‌కు గాలుండదు, దాని బదులు నీళ్ల ట్యాంకు. నీళ్లలోకి 35 కిలోవాట్ల వేడి 90 సెకన్లు పోతే 20 లీటర్లు సుమారు 38 డిగ్రీలు పెరుగుతాయి. 45తో మొదలుపెడితే 83 దగ్గర ముగుస్తుంది. 10 లీటర్లతో చేస్తే మరుగుతాయి. థర్మోస్టాట్ తీసేస్తే ఆ చోట బ్లాంకింగ్ స్లీవ్ వేసి బైపాస్ మూయండి, లేదంటే నీళ్లు వెనక సిలిండర్లను వదిలేసి దగ్గరి దారిన తిరిగొస్తాయి. నూనె మాత్రం 70 డిగ్రీలకు వేడెక్కాకే లైనుకు రావాలి.

ఉప్పుబాట:

ధన్యవాదాలండీ. డైనో షీట్ చూశాను, 5,300 దగ్గర 63. కామ్ అడ్వాన్స్ చేసి చూస్తాను. ఇంకో సందేహం: కలెక్టర్‌లో (ఎగ్జాస్ట్ పైపులు కలిసే చోట) వైడ్‌బ్యాండ్ సెన్సర్ గాలి-పెట్రోల్ నిష్పత్తి 12.7 చూపిస్తోంది, కానీ 1, 2 సిలిండర్ల ప్లగ్గులు ఒకేలా లేవు. ఏది నమ్మాలి?

ఐదుపోర్టులు:

ప్లగ్గులను. కలెక్టర్‌లో సెన్సర్ చెప్పేది నాలుగింటి సగటు. ఒకటి 11.8, ఇంకొకటి 13.6 ఉన్నా మీటరు 12.7 అనే అంటుంది.

ఈ ఇంజన్‌లో 1, 2 సిలిండర్లకు ఒకటే ఇన్‌లెట్ పోర్టు, 3, 4కు ఇంకొకటి. ఫైరింగ్ వరస 1-3-4-2. అంటే 2 పీల్చిన 180 డిగ్రీలకే 1 పీల్చడం మొదలెడుతుంది, ఆ తర్వాత పోర్టు చాలాసేపు ఖాళీ. 2 వాల్వు ఇంకా మూసుకోకముందే 1 వాల్వు తెరుచుకుంటుంది, ఉన్న మిశ్రమం కోసం రెండూ పెనుగులాడతాయి. 3, 4 మధ్య కూడా ఇదే గొడవ. కామ్ డ్యూరేషన్ పెరిగే కొద్దీ ఇది ముదురుతుంది, మీ 300 డిగ్రీల కామ్ అందుకు అనుకూలంగానే ఉంది.

ఎగ్జాస్ట్‌లో 1కి, 4కి వేరువేరు పైపులు, 2-3కి కలిపి ఒకటి. ఆ మూడు పైపుల్లోనూ సెన్సర్ బంగులు (సెన్సర్ బిగించే గూళ్లు) వెల్డ్ చేయించండి. సెన్సర్ ఒక్కటే ఉంటే ఒక్కో రన్‌కు ఒక్కో చోట పెట్టి చూడొచ్చు. లోపలి జతకూ బయటి జతకూ తేడా అక్కడ తేలుతుంది. జెట్ మాత్రం అన్నిటికన్నా లీన్‌గా ఉన్న సిలిండర్‌ను చూసే వేయాలి. దానికి 12.8 దాటనివ్వకండి, మిగతావి రిచ్‌గా ఉంటే ఉండనీ.

ప్లగ్గు చదవాలంటే రన్‌ను సరిగ్గా ముగించాలి. టైమింగ్ లైట్లు దాటగానే ఫుల్ త్రాటిల్‌లోనే ఇగ్నిషన్ కట్ చేసి, క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేసి దొర్లనివ్వాలి. పెడల్ వదిలి ఇంజన్ ఐడ్లింగ్‌లో పిట్‌కు వస్తే ప్లగ్గులు ఐడ్లింగ్ కథే చెబుతాయి. బీపీ6ఈఎస్ బదులు బీ8ఈఎస్ కొత్తవి వేయండి, వేడి ఎక్కువనిపిస్తే బీ9ఈఎస్. భూతద్దంతో ఇన్సులేటర్ అడుగున, లోపలికి, మసి వలయం చూడండి, మిశ్రమం అక్కడ తెలుస్తుంది. ఇగ్నిషన్ టైమింగ్ తెలిసేది గ్రౌండ్ స్ట్రాప్ మీద రంగు మారే గీత దగ్గర. గీత వంపు దగ్గరుంటే సరిగ్గా ఉన్నట్టు, కొనకు దగ్గరైతే రిటార్డ్, వెల్డ్ వైపు దిగిందంటే అడ్వాన్స్ ఎక్కువ. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలో, మెరిసే అల్యూమినియం రవ్వలో కనబడితే ఆ రోజుకు ఆపేయండి. అది నాకింగ్.

మొత్తం ఇగ్నిషన్ అడ్వాన్స్ 28 డిగ్రీలతో మొదలుపెట్టి ఒక్కో డిగ్రీ పెంచండి. ట్రాప్ వేగం (టైమింగ్ లైట్ల మధ్య కొలిచే వేగం) పెరగడం ఆగగానే ఒక డిగ్రీ వెనక్కి తీయండి. ఒక రన్‌కు ఒకే మార్పు. జెట్, టైమింగ్ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

టాప్‌గేర్:

63 అంటే గీత మీదే ఉన్నారు, కామ్ అడ్వాన్స్‌తో సరిపోవచ్చు. ఒకటి మర్చిపోయాం: పెట్రోల్ తరగతిలో ఇంధనం ఈవెంట్‌లో అమ్మేదే పోయించుకోవాలి, ట్యాంకుకు సీలు వేస్తారు. ఇంటి దగ్గర వేరే పెట్రోల్‌తో కుదిర్చిన టైమింగ్‌ను అక్కడ 2 డిగ్రీలు తగ్గించి మొదలుపెట్టండి. రన్ అయ్యాక చక్రాల గూళ్లలో పేరుకున్న ఉప్పు గట్టిపడక ముందే గీకెయ్యాలి. సాయంత్రం ట్రంపెట్లకు గుడ్డ చుట్టి, త్రాటిల్ స్పిండిళ్లకు నూనె పెట్టండి. తేమకు అవి రాత్రికి రాత్రే బిగుసుకుంటాయి, పొద్దున్న త్రాటిల్ సగంలో ఇరుక్కుపోవచ్చు.