పిల్లలు సొంతంగా రాసుకున్న కథలో తప్పులు దిద్దాలా, వదిలేయాలా?

పర్లాకిమిడి అమ్మ:
మా పాప రెండో తరగతి, ఒడియా మీడియం. తెలుగు ఇంట్లో నేనే నేర్పుతున్నాను. సెలవుల్లో పాతపట్నంలో తాతగారింటికి వెళ్ళొచ్చాక తనంతట తనే ఆరు వాక్యాలు రాసింది. అందులో రెండు: 'రాత్రి అందరం మెడ ఎక్కి తొంగున్నాం. చుక్కలు లెక్కెట్టినాను.' నేను ఎర్ర పెన్ను తీసుకుని పదకొండు చోట్ల దిద్దాను. మర్నాడు ఇంకో కథ రాయమంటే 'ఇది మా ఇల్లు. ఇది మా ఆవు' అని రాసి పుస్తకం మూసేసింది. తప్పు రాదని తెలిసిన మాటలే ఏరుకుంది. చుక్కలు పోయాయి. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు. మీరైతే దిద్దుతారా, వదిలేస్తారా?

రాయగడ నాన్న:
దిద్దాలండి. నేను వదిలేసి అనుభవిస్తున్నాను. మావాడికి చిన్నప్పుడు ట్యూషన్‌లో 'రాస్తే చాలు, తప్పులు వాటంతటవే పోతాయి' అన్నారు, నమ్మాను. ఇప్పుడు ఐదో తరగతి. మొన్న వాళ్ళ నానమ్మకి ఉత్తరం రాస్తూ 'మన మెక ఈనింది' అని రాశాడు. తప్పెక్కడుందో చూడరా అంటే పదిసార్లు చూశాడు, కనబడలేదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా? మీరు చేసింది సరైనదే, బాధపడకండి.

గుణుపురం మాస్టారు:
ఇద్దరు పిల్లలదీ ఒకటే తప్పు, గమనించారా? మేడకీ మేకకీ దీర్ఘం పోయింది. అది అజాగ్రత్త కాదు. ఒడియాలో ఎ, ఏ రెండింటికీ ఒకటే అక్షరం. ఒ, ఓ లకూ అంతే. ఇ, ఈ లకు వేరే అక్షరాలున్నా పలకడంలో తేడా వినబడదు. రోజంతా బళ్ళో ఆ లిపి రాసే పిల్లలు మన ఏత్వం దగ్గర తడబడతారు. ఎర్రగీతకి ఆ సంగతి చెప్పడం రాదు, చెవికి చెప్పాలి. నేను కథల పుస్తకం వేరు, డిక్టేషన్ పుస్తకం వేరు పెట్టిస్తాను. కథలో కనబడ్డ తప్పుల్లోంచి ఒక్క రకమే తీసుకుని, మర్నాడు డిక్టేషన్‌లో జంటలుగా చెప్తాను: మెడ, మేడ, నెల, నేల, కొన, కోన. హ్రస్వానికి ఒక చిటిక, దీర్ఘానికి రెండు. వాళ్ళే చిటికలేస్తూ పలికి, ఆ తర్వాత రాస్తారు. రోజుకి పది మాటలు మించనివ్వను. కథల పుస్తకంలో మాత్రం నా పెన్ను పెట్టను.

రాయగడ నాన్న:
మాస్టారూ, ఈ ఒడియా సంగతి నాకు తట్టనేలేదు. కానీ మేడ సరే, 'తొంగున్నాం', 'లెక్కెట్టినాను' మాటేమిటి? రేపు పరీక్షలో అలా రాస్తే మార్కులేస్తారా?

బరంపురం పిన్ని:
అది తప్పెందుకవుతుంది బాబూ? ఇంట్లో మనం అనేది అదే కదా. దాన్ని కొట్టేసి 'పడుకున్నాం' అని రాస్తే, అమ్మమ్మ మాట్లాడేదే తప్పని పిల్ల అనుకుంటుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ పర్లాకిమిడి రాజావారి బళ్ళోనే పాఠాలు చెప్పారు. సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. నోటి భాషే చేతికీ రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ ఊళ్ళోనే ఓ పిల్ల ఇంటిమాట రాస్తే గీత పడిందంటే నాకు కష్టంగా ఉంది. పరీక్షల కోసం 'పుస్తకాల్లో ఇలా రాస్తారమ్మా' అని విడిగా చెప్పండి. పిల్లలు రెండూ పట్టేస్తారు.

రాయగడ నాన్న:
మార్కుల టెన్షన్ నాకింకా పోలేదు పిన్నిగారూ. రెండూ ఒకేసారి నేర్పితే కలిపేస్తారనే నా భయం.

పర్లాకిమిడి అమ్మ:
పిన్నిగారి మాట చదివి రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. నిన్న పాపకి పెన్ను పట్టనని మాటిచ్చి, ఆ కథే కొత్త కాగితం మీద రాయమన్నాను. మళ్ళీ 'మెడ' అనే రాసింది. ఊరుకున్నాను. ఫోన్‌లో తాతగారికి చదివి వినిపించింది. రాసినట్టే 'మెడ ఎక్కి' అని చదివేసరికి ఆయన 'ఎవరి మెడ తల్లీ?' అన్నారు. అది పడీ పడీ నవ్వి, తనే చెరిపి ఏత్వం పెట్టుకుంది. 'తొంగున్నాం' అలాగే ఉంది. కింద ఇంకో వాక్యం చేరింది: 'నూటరెండు చుక్కల దగ్గర నిద్దరొచ్చీసింది.'

రాయగడ నాన్న:
మాస్టారూ, ఐదో తరగతి వాడికి కూడా ఆ చిటికలు పనికొస్తాయా?

గుణుపురం మాస్టారు:
వస్తాయండి. నెల, నేలతో మొదలుపెట్టండి. వాడు పలికాకే మీరు పలకండి.