ఒకే గ్రాఫిక్స్ కార్డ్, రెండు ల్యాప్‌టాప్‌లు, తొమ్మిది వేల తేడా. ఏది తీసుకోవాలి?

హంద్రీ_కుర్రోడు (కర్నూలు)
అందరికీ నమస్తే. తమ్ముడికి అనంతపురంలో బీటెక్ సీఎస్ఈ సీటు వచ్చింది. క్లాసులు మొదలయ్యేలోపు ల్యాప్‌టాప్ కొనాలి. హెచ్‌పీ విక్టస్ 15, లెనోవో ఎల్‌ఓక్యూ 15 దగ్గర ఆగిపోయాం. రెండింట్లోనూ ఆర్టీఎక్స్ 4050 కార్డే. విక్టస్ మా ఊరి షాపులో ఉంది. ఎల్‌ఓక్యూ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, తొమ్మిది వేలు ఎక్కువ. కార్డ్ ఒకటే అయినప్పుడు ఆ తొమ్మిది వేలు ఎందుకు పెట్టాలని నాన్న అడుగుతున్నారు. తమ్ముడు గేమ్స్ కూడా ఆడతాడు, అందులో దాపరికమేం లేదు.

గ్రాఫిక్స్_గురు (బెంగళూరు, సొంతూరు అనంతపురం దగ్గర)
కార్డ్ ఒకటే కాదు తమ్ముడూ, పేరు ఒకటే. ల్యాప్‌టాప్‌లో పెట్టే 4050కి, దాన్ని తయారుచేసే ఎన్‌విడియా ఇచ్చిన కరెంటు పరిధి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా. ఎన్ని వాట్లు ఇవ్వాలో ల్యాప్‌టాప్ కంపెనీ ఇష్టం. తక్కువ ఇస్తే ఆ కార్డ్ పూర్తి వేగం అందుకోదు. డబ్బా మీద మాత్రం రెండింటికీ అదే 4050 స్టిక్కర్. కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్ షీట్ తీసి ‘టీజీపీ’ (కార్డ్‌కి ఇచ్చే గరిష్ఠ వాట్లు) అన్న చోట ఎంత రాశారో చూడు. షాపువాడు ఆ ముక్క గురించి నోరెత్తడు. నేను అడిగేది అదొక్కటే: వాట్లెన్ని?

గుత్తి_కోట
ఎల్‌ఓక్యూ. ఇంకో ఆలోచన వద్దు.

పెన్నా_టెక్ (కడప)
నేను రోజూ ల్యాప్‌టాప్‌లు విప్పే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తాను. మన దగ్గర ఎండాకాలం 42, 43 డిగ్రీలు మామూలు. గేమింగ్ ల్యాప్‌టాప్ కింద నుంచి గాలి పీల్చి వెనక నుంచో పక్కల నుంచో వదులుతుంది. హాస్టల్లో పిల్లలు మంచం మీద దుప్పటి పైనే పెట్టి ఆడతారు. ఏడాది తిరిగాక నా దగ్గరికి తెస్తారు. మూత తీస్తే ఫ్యాన్‌కీ రాగి రెక్కలకీ మధ్య దుమ్ము దూదిపొరలా అడ్డుపడి ఉంటుంది, పట్టకారుతో లాగితే ఒక్క ముక్కగా ఊడొస్తుంది. ఆ స్థితిలో వేడి తట్టుకోలేక మెషీన్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు షీట్‌లో 105 వాట్లని రాసి ఉన్నా ఏం లాభం? ముందు తెలుసుకోవాల్సింది మీ పిన్‌కోడ్‌కి ఆన్‌సైట్ వారంటీ, అంటే మనిషి మీ దగ్గరికే వచ్చి బాగుచేసేది, వస్తుందా లేదా అన్నది.

గ్రాఫిక్స్_గురు
దుమ్ము తుడవకపోతే ఏ మెషీనైనా అంతే. ఎక్కువ వాట్లు ఇచ్చే మోడల్‌కి చాలాసార్లు వేడిని బయటికి లాగే హీట్‌సింక్ కూడా పెద్దదే పెడతారు. వాట్లు పెరిగితే వేడికి చచ్చిపోతుందన్నట్టు చెప్పొద్దు.

పెన్నా_టెక్
చచ్చిపోతుందని నేను అనలేదు. పైన ఇంకోసారి చదువు.

అనంత_అమ్మ (అనంతపురం)
నేనొక తల్లిని, ఈ వాట్లు నాకు తెలియవు. మా వాడికి కొన్న ల్యాప్‌టాప్ వారంటీలో ఉండగానే మదర్‌బోర్డ్ పోయింది. ఫోన్ చేస్తే పార్ట్ రావాలన్నారు, తర్వాత బెంగళూరు తీసుకెళ్లమన్నారు. అది తిరిగొచ్చేసరికి వాడి సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి. ప్రాజెక్ట్ అంతా అందులోనే ఉండిపోయింది. కొనేముందు ఎవరూ ఈ మాట చెప్పలేదు. బాబూ, మీ నాన్నగారికి ఇది చెప్పు.

గ్రాఫిక్స్_గురు
అమ్మా, మీకు జరిగింది అన్యాయమే. కానీ అడిగిన ప్రశ్న అది కాదు. 4050 ఎన్ని వాట్లన్నదే ఇక్కడ లెక్క.

సీమ_కోడర్ (కడప)
తమ్ముడు ఏ గేమ్స్ ఆడతాడు? వాలరెంట్ అయితే అది ఎక్కువగా ప్రాసెసర్ మీద నడిచేది, తక్కువ వాట్ల 4050 కూడా ఎక్కువే. సైబర్‌పంక్ లాంటివైతే తేడా కనిపిస్తుంది. చదువుకైతే ర్యామ్ చూసుకోండి. యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి పక్కన బ్రౌజర్ పెడితే 8 జీబీ చాలదు. మెషీన్ లెర్నింగ్‌కి వాట్లకంటే గ్రాఫిక్స్ మెమరీ ముందు అడ్డొస్తుంది, అది రెండింట్లోనూ 6 జీబీయే.

పెన్నా_టెక్
ఇది పనికొచ్చే మాట. ఇంకోటి, స్క్రీన్. స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే చోట ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని రాసి ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి. ‘100 శాతం ఎస్ఆర్‌జీబీ’ ఉన్నది తీసుకోవాలి. నాలుగేళ్లు చూడాల్సింది దాన్నే. బెంగళూరులో కూర్చున్నవాళ్లకి వాట్లు తప్ప ఇవేవీ కనపడవు.

గ్రాఫిక్స్_గురు
బెంగళూరు సంగతెందుకు తెచ్చావన్నా? నేను పుట్టింది అనంతపురం జిల్లాలోనే. మా నాన్న శనక్కాయలు అమ్మిన డబ్బుతో నన్ను వెంటబెట్టుకుని షాపుకి పోయినాడు. నేను మోడల్ నంబర్ కాగితం మీద రాసుకుని పోయినా. షాపాయన దాన్ని చూడనైనా చూడకుండా ‘అదే కార్డ్ సార్, ఇది ఇంకా మంచిది’ అని వాళ్ల దగ్గర మిగిలిపోయిన స్టాక్ అంటగట్టినాడు. నాన్న ఆ షాపాయన మాట నమ్మినాడు, నా మాట నమ్మలేదు. నాలుగేళ్లు దాంతోనే నెట్టుకొచ్చినా. వాట్లు వాట్లని ఎందుకు అరుస్తున్నానంటే, షాపువాడు మాటలతో మార్చలేని అంకె అదొక్కటే.

పెన్నా_టెక్
ఈ మాట మొదట్లోనే చెప్పుంటే సరిపోయేది. నా కడుపుమంట కూడా విను. ఆన్‌లైన్‌లో కొంటారు, స్క్రీన్ మీద డెడ్ పిక్సెల్ (వెలగని చుక్క) వచ్చినా మూత హింజ్ విరిగినా ‘అన్నా కొంచెం చూడు’ అని మా దగ్గరికే వస్తారు. కొనేటప్పుడు మాత్రం ఊళ్లో షాపులన్నీ మోసమంటారు. మోసం చేసేవాళ్లు లేరని నేను అనను. కానీ రేపు అర్ధరాత్రి ప్రాజెక్ట్ ముందు మెషీన్ ఆగిపోతే ఆ పిల్లాడికి దిక్కు ఊళ్లోవాడే.

గ్రాఫిక్స్_గురు
ఊళ్లోవాడిని నమ్మాలంటే కాగితం మీద ఉండాలి. నోటిమాట నేను ఒప్పుకోను.

పెన్నా_టెక్
అది నేనూ ఒప్పుకుంటా. నమ్మకం పేరుతో ఎవరూ కొనక్కర్లేదు. బిల్లు మీద పూర్తి మోడల్ నంబర్, సీరియల్ నంబర్ రాయించుకోవాలి. విక్టస్ 15 అంటే ఒక్క మెషీన్ కాదు, ఎల్‌ఓక్యూ 15 కూడా అంతే. ఒకే పేరు కింద ప్రాసెసర్, ర్యామ్, స్క్రీన్ మారిన వేరియంట్లు చాలా ఉంటాయి.

గుత్తి_కోట
అడిగినాయన యాడికి పోయినాడు?

హంద్రీ_కుర్రోడు
షాపుకి వెళ్లొచ్చాను. కొటేషన్‌లో 16 జీబీ అని రాశారు. డబ్బా మీద స్టిక్కర్ చదివితే 8 జీబీ, మోడల్ నంబర్ చివరి అక్షరాలు కూడా వేరు. అడిగితే ‘ఇంకో 8 జీబీ మేమే వేసిస్తాం’ అన్నారు. టీజీపీ ఎంతంటే ఆయనకి తెలియదు. నాన్న పక్కనే ఉన్నారు, ఏమీ అనలేదు. బయటికొచ్చాక ‘ఆ ఆన్‌లైన్‌ది మనింటికొచ్చి బాగుచేస్తారో లేదో కనుక్కో’ అన్నారు.

పెన్నా_టెక్
అనంతపురం హాస్టల్ పిన్‌కోడ్‌తో అడుగు, కర్నూలుది కాదు. వాడు ఉండేది అక్కడ.

గ్రాఫిక్స్_గురు
షాపువాళ్లు ఇచ్చే మోడల్ నంబర్ మొత్తం ఇక్కడ పెట్టు. షీట్ నేను వెతికి వాట్లు చెప్తా. ఎల్‌ఓక్యూకి సమానంగా ఉంటే షాపులోనే తీసుకో, నేను అడ్డుచెప్పను.

అనంత_అమ్మ
ర్యామ్ వాళ్లు వేసిస్తే వారంటీ ఉంటుందో పోతుందో, అది కూడా బిల్లు మీదే రాయించుకో బాబూ.