చర్చ: పాత ఫైబర్ బోటులో ప్లైవుడ్ ఫ్లోరు కుళ్ళింది, పాలియెస్టరా ఎపాక్సీనా?

కొత్తపట్నం_గట్టు:
28 అడుగుల పాత ఫైబర్ బోటు. ఇంజన్ ముందు నుంచి ఐస్ పెట్టె దాకా ఫ్లోరు మెత్తబడింది, కాలు పెడితే దిగుతోంది. పొడవు 10 అడుగులు, వెడల్పు 5. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది, 15న బోటు దిగాలి. ఒక మేస్త్రి పాతదాని మీదే కొత్త ప్లై కొట్టి మ్యాట్ (గాజు పోగుల పరుపు) పాలియెస్టర్ రెసిన్‌తో వేస్తే చాలంటున్నాడు. ఇంకొకాయన మొత్తం పీకి ఎపాక్సీ రెసిన్‌తో చెయ్యాలంటున్నాడు. తెలిసినోళ్ళు చెప్పండన్నా.

ఉప్పుటేరు:
పాతదాని మీద కొట్టొద్దు. కింది తడి ఎటూ పోలేక కొత్త ప్లైని కూడా తినేస్తుంది.

రెసిన్_రోలర్:
పీకాల్సిందే, అందులో వాదన లేదు. పీకేముందు బోటు ఎట్టా ఆనుకుని ఉందో చూసుకో తమ్ముడూ. ఇసకలో ఒక పక్కకి ఒరిగిన బోటుకి ఫ్లోరు కోస్తే హల్లు, అంటే బోటు ఒళ్ళు, కాస్త వంకర పోద్ది, కొత్త ఫ్లోరు వేశాక ఆ వంకర అట్టాగే నిలిచిపోద్ది. నాలుగు చోట్ల ఇసక బస్తాలు సమంగా పెట్టి, పైన రెండు చోట్ల అడ్డకర్ర బిగించి, అప్పుడు రంపం పట్టు. రంపం లోతు ప్లై మందానికే పెట్టాలి. హల్లుకి రెండంగుళాలు వదిలి కోసి, మిగిలిన పట్టీని గ్రైండరుతో 36 నంబరు డిస్కు వేసి నిదానంగా తియ్యి. అక్కడ తొందరపడితే హల్లుకే బొక్క పడుద్ది.

సరుకు లెక్క: 12 ఎంఎం ప్లై, ఐఎస్ 710 (మెరైన్ ప్లై) ముద్ర ఉన్నది, 8x4 షీట్లు రెండు. ఐఎస్ 303 (మామూలు ప్లై) అంటగడతారు, అది తీసుకోవద్దు. చదరపు మీటరుకి 450 గ్రాముల మ్యాట్ కింద వైపు ఒక పొర, పైన రెండు, అంచు పట్టీలు కలిపి ఏడున్నర కిలోలు. మ్యాట్ బరువుకి రెండున్నర రెట్లు రెసిన్ తాగుద్ది. పుట్టీకి, చెక్క తడపడానికి కలిపి 25 కిలోలు తెచ్చుకుంటే మిగలదు, తగ్గదు. ఎపాక్సీ అక్కర్లేదు. హల్లే పాలియెస్టర్ గదా.

జువ్వలదిన్నె_రేవు:
హల్లు పాలియెస్టరైతే ఏమైంది? ఇక్కడ అతకాల్సింది చెక్కకి. పాలియెస్టర్ పాత ఫైబరుకి బాగానే పడుతుంది, చెక్కకి అంతగా పట్టదు. తమ్ముడూ, నీ ఫ్లోరు కోసినచోట పై పొర అంచు పట్టుకుని లాగి చూడు. చెక్క పోగు ఒక్కటి కూడా అంటకుండా అట్టలాగా లేచి వస్తే, అతుకు ఎప్పుడో పోయిందని అర్థం.

ఎపాక్సీ ఖరీదు అంటారు. కిలో ధర రెండు మూడింతలు ఉండేమాట నిజమే. కానీ దానికి మ్యాట్ వాడం, గుడ్డ వాడతాం. మ్యాట్ పోగుల్ని పట్టి ఉంచే బైండరు పాలియెస్టర్ రెసిన్‌లో ఉండే స్టైరీన్‌లోనే కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు, అందుకని ఆ మ్యాట్ మెత్తబడదు, మూలల్లో వంగదు. 400 గ్రాముల బయాక్సియల్ (రెండు దిక్కులా పోగులున్న) గాజు గుడ్డకి దాని బరువంత రెసిన్ చాలు. చెక్కకి ఆరు వైపులా మూడేసి పూతలు, పైన ఒక పొర గుడ్డ, అంచులు, పుట్టీ, అన్నీ కలిపి ఈ 50 చదరపు అడుగులకి 11 కిలోల లోపు అయిపోతుంది. 25 కిలోల పక్కన 11 పెట్టి లెక్క కట్టండి.

ఒలకపోత:
డబ్ల్యూపీసీ (చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపిన) షీటు వేస్తే కుళ్ళే బాధే ఉండదు గదా?

జువ్వలదిన్నె_రేవు:
కుళ్ళదు, కానీ వంగుతుంది. అదే మందం ప్లైకి ఉన్న బిర్రు దానికి లేదు. ఎండకి ఇంకా మెత్తబడుతుంది. పైచర్మం నున్నగా ఉండి రెసిన్ సరిగా అంటదు. వంటింటి అల్మారాలకి పనికొస్తుంది, వల గుట్టగా పోసే ఫ్లోరుకి కాదు.

రెసిన్_రోలర్:
మీ ఎపాక్సీకి హార్డెనర్ కొలత కంపెనీ చెప్పినదానికి గ్రాము అటూ ఇటూ కాకూడదు. గట్టు మీద, ఎదురుగాలిలో, కాటా లేకుండా ఎవరు కొలుస్తారు? తక్కువైనా జిగురు, ఎక్కువైనా జిగురు. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే అసలుకే మోసం. పాలియెస్టరుకి ఆ బాధ లేదు. మే నెల ఎండలో కిలో రెసినుకి ఎంఈకేపీ (దాన్ని గట్టిపరిచే ద్రవం) 10 మిల్లీలీటర్లు, చల్లగా ఉంటే 20. ఈ మధ్యలో ఎంత పోసినా గట్టిపడుద్ది.

జువ్వలదిన్నె_రేవు:
కిలో కలిపి ఎండలో పెడితే డబ్బాలోనే గడ్డ కడుతుంది. 10 మిల్లీ అన్నా సరే, అరకిలో కంటే ఎక్కువ ఒకసారి కలపకూడదు. అది చెప్పరేం?

రెసిన్_రోలర్:
పొద్దున్నే 6 గంటలకి మొదలుపెడితే కిలో కూడా సరిపోద్ది.

జువ్వలదిన్నె_రేవు:
పొద్దున్నే చెక్కకి పూత పూస్తే ఎండెక్కే కొద్దీ చెక్కలో గాలి ఉబ్బి పూతలోంచి బుడగలు కడుతుంది. ప్రతి బుడగా రేపటికి నీళ్ళు పోయే బొక్క. మొదటి పూత సాయంత్రం పొద్దు వాలేటప్పుడు, చెక్క చల్లబడుతున్నప్పుడు వెయ్యాలి. అప్పుడు చెక్కే రెసిన్‌ని లోపలికి పీలుస్తుంది.

రెసిన్_రోలర్:
సాయంత్రం సముద్రపు గాలికి తేమ దిగి మీ ఎపాక్సీ మీద జిడ్డు పొర వస్తుంది. దాని మీద ఇంకో పూత పూస్తే ఊడొస్తుంది. అది మీరెందుకు చెప్పరు?

జువ్వలదిన్నె_రేవు:
నీళ్ళతో కడిగి, గరుకు పట్టించి పూస్తే ఆ జిడ్డు పోతుంది. బుడగ పోదు.

పుట్టీ_బకెట్:
కోబాల్ట్ (పాలియెస్టర్ త్వరగా గట్టిపడేందుకు కలిపేది), ఎంఈకేపీ రెండూ ఎప్పుడూ నేరుగా కలపొద్దు, మంట లేస్తుంది. ముందు కోబాల్ట్ రెసిన్‌లో బాగా కలిశాకే ఎంఈకేపీ. రెండు సీసాలూ ఒకే సంచిలో కూడా పెట్టొద్దు. కొట్టుకుంటే కొట్టుకోండి గానీ ఇది మాత్రం గుర్తుంచుకోండి.

ఇంజన్_గది:
ఇంజన్ దగ్గర డీజిల్ పీల్చిన ఫైబరుకి ఏ రెసినూ పట్టదు. గ్రైండింగుకి ముందే అసిటోన్‌తో తుడవాలి, గుడ్డ మారుస్తూ. ముందు గ్రైండ్ చేస్తే డీజిల్ ఇంకా లోపలికి పోతుంది.

వానకాలువ:
ఎపాక్సీ అని డబ్బు తీసుకుని పాలియెస్టర్ పూసి పోయినోళ్ళు ఉన్నారు. మా బోటుకి ఆ పనే జరిగింది. డబ్బా మీరే కొని ఇవ్వండి.

రెసిన్_రోలర్:
అదీ సంగతి. నిషేధం భృతి వచ్చేది 20 వేలు. దాంట్లో ఇల్లు గడవాలా, ఈ ఖరీదైన డబ్బాలు కొనాలా? ఏసీ గదిలో కూర్చుని పడవలు చేసేవాళ్ళ మాటలివి.

జువ్వలదిన్నె_రేవు:
నన్ను ఏ గదిలో కూర్చోబెట్టినా పర్లేదు, ఒక్కదానికి జవాబు చెప్పండి. మీ లెక్కలో అంచు పట్టీలు అన్నారు. ఆ పట్టీ హల్లు మీంచి ప్లై మీదికి ఎక్కించి రెండూ కలుపుతారా, లేక హల్లుకి ఒక ఆనిక కట్టి దాని మీద ప్లై పెట్టి స్క్రూలు బిగిస్తారా?

రెసిన్_రోలర్:
ఆనికే. 316 స్టెయిన్‌లెస్ స్క్రూలు. ప్రతి నిషేధంలో ఫ్లోరు విప్పాలి, కింద కడగాలి, ఆరబెట్టాలి, కుళ్ళిన ముక్క ఉంటే అదొక్కటే మార్చాలి. చుట్టూ మూసేసిన ఫ్లోరు కింద ఏం జరుగుతుందో కాలు దిగేదాకా తెలియదు. కుళ్ళబెట్టేది సముద్రం నీళ్ళు కాదు, కార్తీకంలో బోటు గట్టున ఉన్నప్పుడు లోపల నిలిచే వాననీళ్ళు. ఎప్పటికైనా మార్చాల్సిన చెక్కకి అంత రెసిన్ ఎందుకని మొదట్నుంచీ అంటున్నా.

జువ్వలదిన్నె_రేవు:
అన్నా, ఇంతసేపూ మనం రెసిన్ మీద కొట్టుకున్నాం. మన తేడా అది కాదు. మీకు ఫ్లోరు అంటే కాళ్ళ కింద పలక. నాకు అది హల్లులో భాగం. అల మీద ఎక్కి ఇసకని గుద్దుకునే బోటుకి కింద దూలాలు, రెండు పక్కలు, ఫ్లోరు కలిసి ఒక పెట్టె అయితేనే ఆ దెబ్బ అన్నిటికీ పంచబడుతుంది. ఆ ఫ్లోరుని విప్పే పలక చేస్తే దెబ్బంతా దూలాల మొదట్లో పడుతుంది, అక్కడ ఫైబరు వెంట్రుకవాసి పగుళ్ళు కడుతుంది. ఆ పగుళ్ళు ఫ్లోరు కుళ్ళు కంటే చెడ్డవి.

రెసిన్_రోలర్:
దూలాలు గట్టిగా ఉంటే పలక చాలు. రేవులో కట్టే బోటుకీ గట్టుకి లాగే బోటుకీ తేడా ఉందని నాకూ తెలుసు.

ఉప్పుటేరు:
ఎవరి మాట సరైందో బోటే చెబుతుంది. తమ్ముడూ, కోసేముందు రెండు చూడు. ఒకటి, పాత అంచు పట్టీ హల్లుకీ ప్లైకీ కలిపి ఉందా? ఉంటే కట్టినవాడు ఫ్లోరుని బలంగానే లెక్కేశాడు, అట్టాగే తిరిగి కట్టాలి. రెండు, దూలాలకి అడుగుకొకటి చొప్పున పక్క నుంచి 6 ఎంఎం బొక్క వేసి పొట్టు చూడు. తెల్లగా పొడిగా వస్తే మంచిది. నల్లగా ముద్దగా వస్తే ఫ్లోరు సంగతి తర్వాత. దూలాల దూరం కూడా కొలువు. అడుగున్నర లోపైతే 12 ఎంఎం ప్లై చాలు, రెండడుగులైతే 18.

కొత్తపట్నం_గట్టు:
చూశానన్నా. అంచు పట్టీ హల్లుకీ ప్లైకీ కలిపే ఉంది. దూలాల మధ్య 16 అంగుళాలు. ముందు వైపు పొట్టు పొడిగా వచ్చింది. ఇంజన్ పక్క కుడి దూలంలో రెండున్నర అడుగుల మేర నల్ల ముద్ద, వేలితో నొక్కితే నీళ్ళు కారుతున్నాయి. పై పొర లాగితే అట్టలాగే వచ్చింది.

జువ్వలదిన్నె_రేవు:
అయితే దూలం ముందు. కుళ్ళు ఆగినచోటు నుంచి ఇంకో అడుగు దాటి మంచి చెక్కలోకి కొయ్యి. అతుకు ఏటవాలుగా, మందానికి ఎనిమిది రెట్లు పొడవు ఉండాలి. దాని పైన గుడ్డ రెండు పొరలు, హల్లు మీదికి నాలుగంగుళాలు దిగేటట్టు. మూలల్లో పుట్టీతో గుండ్రం చెయ్యి, లేకపోతే గుడ్డ మూలలో లేచి గాలి పడుతుంది. ప్లై అంచు హల్లుని తాకకూడదు, 5 ఎంఎం సందు వదిలి పుట్టీ నింపు. తాకితే అక్కడే హల్లు పగులుతుంది.

రెసిన్_రోలర్:
ఫ్లోరు మూసుకుంటే మూసుకో, నీ హల్లు అట్టా కట్టి ఉంది కాబట్టి కాదనను. ఇంజన్‌కి రెండు పక్కలా మాత్రం చెయ్యి దూరేంత బొక్కలు వదిలి మూతలు పెట్టు. ప్రతి దూలం అడుగున అంగుళం పీవీసీ పైపు ముక్క పెట్టి నీళ్ళు వెనక ప్లగ్గు దాకా పారేటట్టు చెయ్యి. పైపు చుట్టూ చెక్క కనబడకుండా రెసిన్ పట్టించు. స్క్రూ వేసే ప్రతిచోటా ముందు 10 ఎంఎం బొక్క వేసి, రెసిన్ పుట్టీ నింపి, గట్టిపడ్డాక దాంట్లో స్క్రూ వెయ్యి. ఆ పుట్టీ మాత్రం ఎపాక్సీదే కొను, ఒక కిలో చాలు.