తేయాకు కోత వాద్యబృంద సంగీతం జానపదమేనా?

వెదురుపుల్ల: చైనాలో తేయాకు కోత పేరిట వినిపించే వాద్యబృంద సంగీతాన్ని జానపదమంటే నాకు మింగుడు పడదు. అందరూ వాయించే ‘తేయాకు కోత నృత్యగీతం’ 1958లో జెజియాంగ్ రాష్ట్రంలో జౌ దాఫెంగ్ కూర్చినది. కర్త పేరూ సంవత్సరమూ తెలిసినది జానపదమెలా అవుతుంది?

సారంగి: ఆ బాణీ ఆకాశం నుంచి ఊడిపడలేదు, ప్రాంతీయ నాటక వరుసల్లోంచే వచ్చింది. జియాంగ్‌షీ రాష్ట్రం దక్షిణాన తేయాకు పాటల నుంచి ఏకంగా ఒక నాటక రూపమే పుట్టింది.

చిరుగాలి: ఆ బృందాల్లో పుల్లలతో తీగల మీద కొట్టి వాయించే యాంగ్‌చిన్ కూడా విదేశాల నుంచి వచ్చినదే కదా, దాన్నీ వెళ్లగొడదామా?

వెదురుపుల్ల: విషయం తప్పించకండి. హాంగ్‌జౌలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేనొక ఔత్సాహిక బృందంలో డీజీ అనే వెదురు వేణువు వాయించాను. ఊదే రంధ్రానికీ వేళ్ల రంధ్రాలకూ నడుమ రెల్లు లోపలి పలుచని పొర అంటిస్తారు, ఆ వేణువుకు జీర వచ్చేది దానివల్లనే. నేనొక స్వరాన్ని కాస్త జార్చి పలికించినందుకు, కాగితం మీద ఉన్నదే వాయించమని నాయకుడు అందరి ముందూ కసిరాడు. అదే షాంఘై టీశాలల్లో జియాంగ్‌నాన్ ప్రాంతపు పట్టు-వెదురు బృందాలు, అంటే తీగ వాద్యాలూ వేణువులూ కలిసిన బృందాలు, వాయించేటప్పుడు ఒకే బాణీని ఎవరి వాద్యానికి తగినట్లు వారు అల్లుకుంటారు. ఆ స్వేచ్ఛ లేనిచోట జానపదం ఎక్కడుంది?

సారంగి: మీకు జరిగిన అవమానం సంగీతానికి కొలబద్ద కాదండీ.

వంశధార: మీరిద్దరూ వేణువు రంధ్రాలు లెక్కపెడుతూ కూర్చున్నారు. మా నాయనమ్మ వాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి అస్సాం తోటలకు వలస వెళ్లారు. ఒక మొగ్గ, రెండాకులు చొప్పున గిల్లి గిల్లి ఆమె బొటనవేలి గోరు ముసలితనంలో కూడా నల్లగానే ఉండేది. మీరు చెప్పే ఆ తేయాకు కోత నృత్యగీతంలో మొదట తెల్లవారేదాకా వరి నాట్లు, చందమామ పొడిచేదాకా కోత అని ఉండేది. అప్పటి చైనా ప్రధాని చౌ ఎన్‌లై అభ్యంతరం చెప్పాక అక్కడ సంతోషం వచ్చి చేరింది. జానపదం పోయిందని ఏడుస్తున్నారు గానీ, అలసట పోయిన సంగతి ఎవరికీ పట్టలేదు.

సారంగి: అలసటను దాచమని ఆయన అనలేదు. రాత్రంతా నాట్లు వేస్తే మర్నాడు పనెలా చేస్తారన్నది ఆయన ప్రశ్న.

వంశధార: అలాగైతే మార్చవలసింది పనివేళలను గానీ పాటను కాదు.

వెదురుపుల్ల: నేను మొదటి నుంచీ చెబుతున్నదీ అదే.

సారంగి: లేదు, మొదటి నుంచీ మీరు మీ బృంద నాయకుడి గురించే చెబుతున్నారు.