అప్‌డేట్: గాజా విచారణ (పారిష్) కోసం మా కతోలిక గుడిలో ప్రార్థన

పోయిన నెల అడిగాను కదా, ఆదివారం పూజలో (మాస్‌లో) అందరి కోసం చేసే విశ్వాసుల ప్రార్థనల్లో గాజా గురించి ఏం చెప్పాలి, రాజకీయం అంటారేమో అని. జవాబిచ్చిన అన్నలకు, అక్కలకు వందనాలు.

"యుద్ధం గురించి కాదు, అక్కడి మనుషుల గురించి చెప్పు" అన్న ఒక అక్క మాట పట్టుకున్నాను. గాజా నగరంలో ఉన్న ఒకే ఒక్క కతోలిక గుడి, పవిత్ర కుటుంబ దేవాలయం గురించి చెప్పాను. విచారణ గురువు ఫాదర్ గాబ్రియేల్ రోమనెల్లిది అర్జెంటీనా. పోపు ఫ్రాన్సిస్ గారు దాదాపు రోజూ సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి, ఏం తిన్నారని కూడా అడిగేవారట. ఇది చెప్తుంటే మా అమ్మ ఏడ్చేసింది.

2025 జులై 17న ఆ గుడిమీద దాడి జరిగి ముగ్గురు చనిపోయారు, ఫాదర్ గారి కాలికి గాయమైంది. ఆగస్టులో ఇజ్రాయెల్ సైన్యం నగరంలో కొన్ని ప్రాంతాలు ఖాళీ చేయమన్నప్పుడు కూడా గురువులు, సిస్టర్లు కదల్లేదు. మదర్ తెరెసా సిస్టర్లు చూసుకునే వికలాంగులు అక్కడే ఉన్నారు మరి, వాళ్లను ఎత్తుకుని ఎక్కడికి పోతారు?

రాజకీయం అని ఎవరూ అనలేదు. ఒక పెద్దాయన మాత్రం "ముస్లింల కోసం కూడా చెప్పాల్సింది బాబూ" అన్నారు. నిజమే, మర్చిపోయాను. వచ్చే ఆదివారం చెప్తాను.