వీణ కచేరీ, బొమ్మలు ఒకే గదిలో: సలహా ఇస్తారా?

ఉగాది వెళ్లాక వచ్చే శనివారం సాయంత్రం మా ఇంటి హాల్లో మైకు లేకుండా వీణ కచేరీ పెట్టుకుంటున్నాం. వచ్చేది పాతికమందే. గోడల మీద మా చెల్లి వేసిన ఆరు ఆయిల్ పెయింటింగ్స్, అన్నీ మనుషుల బొమ్మలే. మల్లెలు మాల కడుతున్న అమ్మమ్మ బొమ్మలో వేళ్ల మధ్య దారం కూడా కనిపిస్తుంది. వీణ దాని ముందే ఉండాలని నా కోరిక. వసంత రాగం సాయంత్రానిదే కాబట్టి అది తప్పకుండా ఉంటుంది.

టెన్షన్ రెండిటి గురించి. అంత చిన్న గదిలో మృదంగం పెడితే గమకం (తీగ లాగి స్వరాన్ని ఊపడం) చివర సన్నగా సాగే వీణ నాదం మునిగిపోతుందా? లైటు వేస్తే ఆయిల్ రంగులు మెరిసి ముఖాలే కనపడట్లేదు, ఏ వైపు నుంచి వేయాలి? ఇలాంటివి చేసినవాళ్లు దయచేసి చెప్పండి.