దానిమ్మ మానుకు సూది రంధ్రాలు: ముందు వచ్చేది పురుగా, ఎండు తెగులా?

కళ్యాణదుర్గం రైతు
నాలుగేళ్ల భగువా రకం దానిమ్మ తోట మాది. వారంలో మూడు చెట్లు వాడిపోయాయి. మొదలు దగ్గర గుండుసూది దూరేంత రంధ్రాలు, కింద తెల్లటి పొట్టు. మందుల అంగడిలో అడిగితే "షాట్ హోల్ బోరర్ చంపేస్తోంది, వెంటనే మందు పోయి" అన్నారు. పక్క తోట మామ మాత్రం "చెట్టు చావుకు దగ్గరయ్యాకే ఆ పురుగు వస్తుంది, ముందు వేరు చూసుకో" అంటాడు. ఇంతలో నాలుగో చెట్టు ఆకులు పసుపు తిరిగాయి. టెన్షన్‌గా ఉంది, ఎవరి మాట వినాలి?

కీటకశాస్త్ర విద్యార్థి
మీ మామ మాటే నాదీ. ఈ పురుగు కట్టెను తినదన్నా. రెండు మిల్లీమీటర్ల ఆడపురుగు నోటి దగ్గరి చిన్న సంచుల్లో బూజు బీజాలు మోసుకొస్తుంది. మానులో సొరంగం తొలిచి గోడలకు వాటిని అంటిస్తుంది. మొలిచిన బూజే దానికీ, పిల్లలకూ తిండి. మగవి ఎగరలేవు. పుట్టిన సొరంగంలోనే తోబుట్టువులతో జతకడతాయి. అందుకే కొత్త తోటలో కాపురం పెట్టడానికి బయటికొచ్చిన ఒక్క ఆడది చాలు. ఇలాంటి పురుగులు చాలావరకు నీరసించిన చెట్టునే వెతుక్కుంటాయి. పాదులో నీళ్లు నిలిచి వేరుకు గాలాడకపోతే చెట్టు నుంచి ఆల్కహాల్ వెలువడుతుంది, ఆ వాసనకే వస్తాయి.

పెర్త్ తెలుగువాడు
తమ్ముడూ, నేను ఒప్పుకోను. 2021 ఆగస్టులో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక ఇంటి పెరట్లోని మేపుల్ చెట్టులో ఈ పురుగు బయటపడింది. ఆ తర్వాత నగరంలో పచ్చగా ఉన్న పెద్ద పెద్ద చెట్లు కొట్టేశారు. హైడ్ పార్క్‌లో నేను రోజూ నడిచే చెరువు మధ్య దీవులు బోసిపోయాయి. పూర్తిగా నిర్మూలించడం ఇక సాధ్యం కాదని 2025లో తేల్చేశారు. ఇజ్రాయెల్ అవకాడో తోటల్లో, కాలిఫోర్నియాలో, 2017 నుంచి దక్షిణాఫ్రికాలో కూడా ఇదే గోస. నీరసంగా ఉన్నవే పోయాయంటే ఎలా నమ్మను?

కీటకశాస్త్ర విద్యార్థి
ఆల్కహాల్ మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నా. ఈ షాట్ హోల్ బోరర్ల గుంపుకు క్వెర్సివొరాల్ అనే వాసన ఎర బాగా పనిచేస్తుంది, ఆల్కహాల్ అంతగా పనిచేయదు. కానీ ఇక్కడ పేరు చిక్కు ఒకటుంది. శ్రీలంక నుంచి 1868లో వర్ణించిన యూవల్లేసియా ఫోర్నికేటస్ అనే పేరు కిందే చాలాకాలం అన్నిటినీ కలిపేశారు. 2018, 2019లలో వాటిని నాలుగు జాతులుగా విడదీశారు. పెర్త్‌లోది ఫోర్నికేటస్, తేయాకు కొమ్మలు తొలిచేది పెర్‌బ్రెవిస్. రంధ్రం ఫొటో చూసి మన దానిమ్మలోది ఏదో చెప్పలేం. అక్కడి అనుభవాన్ని ఇక్కడికి అలాగే తెచ్చి అతికించొద్దనే నా మాట.

రాయదుర్గం నర్సరీ
పేర్లు తర్వాత తేల్చుకోండి సార్. రైతన్నా, పసుపు తిరిగిన చెట్టు వేరు తవ్వి నిలువునా చీల్చు. సెరటోసిస్టిస్ అనే బూజు తెచ్చే ఎండు తెగులైతే కట్టెలో గోధుమ-నలుపు చార పైకి పాకుతూ ఉంటుంది. పురుగుదైతే రంధ్రం నుంచి లోపలికి సన్నటి సొరంగం, చుట్టూ నల్లటి మరక. సొరంగంలో ఉన్న పురుగుకు చెట్టు మొదలు దగ్గర పోసిన మందు సరిగా అందదు. ఎర్రమట్టిలో మందు కలిపి బాగున్న చెట్ల మానుకు ముందే పూయాలి. ఇంకో మాట, హవాయిలో ఓహియా చెట్లను చంపే తెగులు కూడా ఈ సెరటోసిస్టిస్‌కు దగ్గరి చుట్టాలైన వేరే జాతుల బూజులదే. తొలిచే పురుగుల పొట్టులో ఆ తెగులు బతికే ఉంటుందని అక్కడ తేల్చారు. కాబట్టి పురుగు వెనక వచ్చినా తేలిగ్గా తీసుకోకు. పీకిన మానును గట్టు మీద పడేయకుండా అక్కడే కాల్చెయ్.

కళ్యాణదుర్గం రైతు
పొద్దున చీల్చాను. పెన్సిల్ లావు వేరు నుంచి జానెడు పైదాకా గోధుమ-నలుపు చార ఉంది. మానుకు రంధ్రం ఒక్కటీ లేదు. ఈ చెట్టు వరకూ మామ మాటే నిజమైంది, ఫోన్ చేసి చెప్పాను. కానీ అదే వరుసలో ఎనిమిదో చెట్టుకు రెండు రంధ్రాలు ఉన్నాయి, తాజా పొట్టు రాలుతోంది, ఆకు మాత్రం నిగనిగలాడుతోంది. దాన్ని పీకాలా, పూత పూసి చూడాలా?